పండక్కి లేచే అన్నయ్య

"మళ్ళీ క్రిస్మసేనా?"

కళ్ళు పూర్తిగా తెరవకముందే మా అన్నయ్య అడిగిన మొదటి మాట అది. నాలుక ఇంకా మొద్దుబారి ఉంది కాబట్టి మాట ముద్దగా వచ్చింది గానీ, అందులోని విసుగు మాత్రం శుభ్రంగా వినిపించింది.

"మళ్ళీ క్రిస్మసే. లేస్తూనే ఆ మొహం ఏంటి?" అన్నాను, వేడి తువ్వాలుతో అరికాళ్ళు రుద్దుతూ.

"నాకు నిన్న రాత్రి పడుకున్నట్టే ఉంది షారూ. నోట్లో కేకు రుచి ఇంకా పోలేదు."

"ఏడాదైంది."

"నీకు అయ్యుంటుంది."

నిజమే, నాకే అయింది. తల పక్కకి తిప్పి నన్ను చూసి, చెవి దగ్గర నెరిసిన వెంట్రుకల మీద చూపు ఆపాడు. ఒకప్పుడు నేను ఆయన కంటే అయిదేళ్ళు చిన్నదాన్ని. ఇప్పుడు నాకు ముప్పై అయిదు, ఆయనకి ఇరవై అయిదు దాటి నాలుగు నెలలు కూడా నిండలేదు. బస్సులో పక్కపక్కన కూర్చుంటే కండక్టరు నన్ను వాళ్ళక్క అనుకుంటాడు. నేను మాత్రం అన్నయ్యా అనే పిలుస్తాను. అలవాటు ఏ జబ్బుకీ లొంగదు.

విశాఖ దాటాక సముద్రం వైపు కొండ మీద ఉంటుంది మా ల్యాబు. నేను అక్కడే నర్సుని. మా పెద్ద డాక్టరు శ్యామసుందరిగారు ఒక బురద చేప మీద సగం జీవితం ధారపోశారు. ఎండాకాలం చెరువు ఎండిపోతే అది బురదలోకి దూరి, తిండీ నీళ్ళూ లేకుండా, ఊపిరి కూడా ఉండీ లేనట్టుగా పడుంటుంది. వాన పడగానే ఏమీ ఎరగనట్టు ఈదుకుంటూ పోతుంది. ఆ చేప ఒంట్లో ఊరే ద్రవాన్ని ఆవిడ మనిషికి పనికొచ్చేలా మార్చారు. అది ఎక్కించి ఒళ్ళు చల్లబరిస్తే గుండె ఎప్పుడో ఒకసారి కొట్టుకుంటుంది. గోళ్ళు పెరగవు, గడ్డం పెరగదు. జబ్బూ పెరగదు. లేపడానికి ఇంకో మందు ఉంది, దాన్ని మేం తొలకరి అంటాం. అది ఎక్కించాక అరికాళ్ళ నుంచి మెల్లగా వేడి చేస్తూ, తెలిసిన గొంతుతో మాట్లాడుతూ ఉండాలి. లేకపోతే మనిషి సగంలో ఆగిపోతాడు.

మా వార్డులో తొమ్మిదిమంది పడుకుని ఉన్నారు. వాళ్ళలో ఇద్దరికి ఆ తెలిసిన గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు. అందుకని వాళ్ళని లేపడం లేదు.

అన్నయ్యకి నరాల జబ్బు. కాకినాడ రేవులో క్రేను నడిపేవాడు. ఒకరోజు క్రేను మీట మీద వేళ్ళు బిగుసుకోలేదు. ముందు వేళ్ళు పోతాయి, తర్వాత కాళ్ళు, ఆఖరికి ఊపిరి, మహా అయితే ఏడాది అన్నారు పరీక్షలు చేసినవాళ్ళు. మందు మీద పని జరుగుతోంది, రెండు మూడేళ్ళలో వచ్చేస్తుంది, అప్పటిదాకా మా దగ్గర పడుకోబెట్టండి అన్నారు శ్యామసుందరిగారు. అప్పుడు మాకు ఆవిడ దేవతలా కనిపించారు. అప్పటి నుంచి ప్రతి ఏడూ మందు రెండు మూడేళ్ళ దూరంలోనే ఉంది.

ఏడాదికోసారి లేపి, ఓ వారం రోజులు ఒంట్లో అన్నీ పని చేస్తున్నాయో లేదో చూడాలన్నారు. "ఏ నెలలో లేపమంటారు?" అని అడిగితే, మా నాన్న ఇంకెవర్నీ అడక్కుండా, ఎంతో సంతోషంగా, "ఇంకెప్పుడండీ, క్రిస్మస్‌కే!" అన్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుని నవ్వింది. నేనూ చప్పట్లు కొట్టినంత పని చేశాను. కొడుకు పండక్కి ఇంట్లో ఉంటే చాలనుకునే మాలాంటి వాళ్ళకి తప్ప ఇంకెవరికీ అంత తెలివితక్కువ ఆలోచన రాదు. ఎందుకంటే మా అన్నయ్య బతుకులో ఆ తర్వాత క్రిస్మస్ తప్ప ఇంకేమీ మిగల్లేదు. మేం పదిహేనేళ్ళకి పదిహేను పండగలు చేసుకున్నాం. ఆయన మధ్యలో ఒక్క మామూలు రోజైనా లేకుండా వరసగా పదిహేను చేసుకున్నాడు.

తర్వాత మారుద్దామన్నా ముందుకి జరపడం కుదరదు. ఒకసారి పడుకుంటే పదకొండు నెలలన్నా నిద్రలో ఉండాలి. ముందు లేపితే గుండె తట్టుకోదు. ఆలస్యం చేయొచ్చు, తొందరపడకూడదు.

రెండు రోజులు ల్యాబులో నడిపించి, తినిపించి, ఇరవై మూడో తారీకున కాకినాడ తీసుకొచ్చాను. జగన్నాథపురం వంతెన దిగి సందులోకి తిరగ్గానే మా ఇంటి మీద నక్షత్రం కనిపిస్తుంది. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. అమ్మ పేరు కరుణమ్మ, మిషన్ స్కూల్లో కుట్టుపని నేర్పేది. డెబ్బై మూడేళ్ళు, గుండెలో రెండు స్టెంట్లు. నిలబడ్డం కూడా గేటు పట్టుకునే నిలబడింది.

"వచ్చావా నా తండ్రీ! చిక్కిపోయావురా."

"చిక్కడానికి ఎక్కడ కుదిరిందమ్మా, నిన్ననేగా బిర్యానీ పెట్టి పంపావు" అన్నాడు అన్నయ్య.

అమ్మ నవ్వింది. ఆ నవ్వు కోసమే ఆ మాట ప్రతిసారీ అంటాడు. కానీ అమ్మని చూసిన మొదటి క్షణంలో ఆయన మొహం ఎలా అయిందో నేను చూశాను. తనకి నిన్న రాత్రి వీడ్కోలు చెప్పిన అమ్మ పొద్దున్నే లేచేసరికి నడుం వంగి, రెండు పళ్ళు ఊడి నిలబడితే ఎవరికైనా ఎలా ఉంటుంది? మాకు ముసలితనం రోజుకి కొంచెం చొప్పున వస్తుంది కాబట్టి సర్దుకుపోతాం.

మా అమ్మాయి కెజియా ఎదురొచ్చి "మావయ్యా" అంది. అన్నయ్య సంచిలోంచి దానికోసం కొన్న గౌను తీశాడు. దారిలో దుకాణంలో ఎంత చెప్పినా వినకుండా, "పోయిన వారమే కదే ఎత్తుకున్నాను, నాకు తెలుసు కొలత" అని కొన్నాడు. గౌను దాని మోకాళ్ళ దాకా కూడా రాలేదు. అది మంచి పిల్ల, "బాగుంది మావయ్యా" అని లోపలికి తీసుకుపోయింది.

ఇక మొదలు. నూనెలో వేయించిన గులాబీ పువ్వులు, అరిసెలు, కేకు, కోడి బిర్యానీ, మళ్ళీ అరిసెలు. చూడ్డానికి వచ్చేవాళ్ళందరూ ఆస్పత్రికి వచ్చినవాళ్ళ మొహాలతో వస్తారు. ఎవరూ ఏ గొడవా ఎత్తరు, ఎవరూ ఎదురు చెప్పరు. ఏం ఉతకాలి, ఏం కొనాలి, పంపు ఎందుకు రావట్లేదు, ఇలాంటి మాటలు ఆయన ముందు రావు. ఉన్నది వారం రోజులు, అందులో అలాంటివి ఎందుకని. స్నేహితులు మొదట్లో గుంపుగా వచ్చి గోల చేసేవారు. ఇప్పుడు వాళ్ళకి పొట్టలు, బీపీలు, పిల్లల ఇంజనీరింగు సీట్లు. ఈసారి ఒక్కడే వచ్చాడు. అతను కూడా అన్నయ్యని "ఏమ్మా, బాగున్నావా?" అని కుర్రాణ్ణి పలకరించినట్టు పలకరించి, నాలుక్కరుచుకున్నాడు.

"తినగా తినగా గారెలు చేదంటారు" అన్నాడు అన్నయ్య నాతో, అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు. అరిసె ముక్క రెండు వేళ్ళ మధ్య నిలవక జారి కంచంలో పడింది. "ఒసేయ్, నేను పప్పన్నం తిని పదిహేనేళ్ళయిందే."

"నీకు పదిహేను వారాలే."

"వరసగా పదిహేను వారాలు అరిసెలు తిని చూడు, తెలుస్తుంది."

నవ్వాం ఇద్దరం. అమ్మ లోపల్నుంచి, "ఏంటర్రా ఆ నవ్వులు? ఇంకో రెండు తేనా?" అంది.

పండగ రోజు గుడి నుంచి వచ్చాక నాన్న సమాధి దగ్గరికి వెళ్ళాం. నాన్న మూడేళ్ళ క్రితం మార్చిలో పోయారు. లేపినప్పుడు ఆ సంగతి చెప్పింది నేనే. "అదేంటే, రాత్రి నాకు దుప్పటి కప్పి వెళ్ళాడు కదా" అన్నాడప్పుడు. అప్పటికే సమాధి మీద గడ్డి మొలిచింది. సిమెంటు కూడా ఒక మూల పెచ్చు లేచింది.

అమ్మ పూలు సర్దుతుంటే అన్నయ్య నా భుజం పట్టుకుని పక్కకి నడిచాడు. ఎడమ కాలు ఈడుస్తున్నాడు. పోయిన పండక్కి అంత లేదు.

"నాన్న పోయి మీకు మూడేళ్ళు" అన్నాడు. "నాకు మూడు వారాలు. మీ ఏడుపు అయిపోయింది షారూ. నాది ఇంకా మొదలవ్వలేదు. ఎప్పుడు ఏడుద్దామన్నా పండగే. పండగ రోజున ఏడిస్తే అమ్మ ఊరుకోదు."

"ఏడ్చెయ్. నేనున్నాగా."

"అదిగో, అమ్మ చూస్తోంది" అని నవ్వు మొహం పెట్టుకుని అటు తిరిగాడు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక మండింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర బయటపడింది ఆయన మనసులోది.

"అమ్మా, వచ్చే క్రిస్మస్‌కి నన్ను లేపొద్దు."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగింది.

"ఆ తర్వాత జూన్‌లో లేపండి. రోహిణి ఎండలు పోయి మొదటి వాన పడే రోజుల్లో. మామిడికాయలు ఇంకా ఉండాలి. పప్పులో మామిడికాయ వేసి పెట్టు. కరెంటు పోవాలి. ఉక్కపోతకి నువ్వు విసుక్కోవాలి. నన్ను చూడ్డానికి ఒక్కడు కూడా రాకూడదు. నాకొక మామూలు మంగళవారం కావాలమ్మా, అంతే."

"జూన్ అంటే ఏడాదిన్నర" అంది అమ్మ.

"నాకు ఒక్క రాత్రేనమ్మా."

"నాకు కాదుగా."

అమ్మ గరిటె గిన్నెలో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "అప్పటికి నేనుంటానో ఉండనో. ఏడాది తిరిగేసరికే గగనమైపోతోంది నాకు. ప్రతి ఏడూ డిసెంబరు వచ్చేదాకా ప్రాణం ఉగ్గబట్టుకుని ఉంటున్నాను. ఇంకో ఆర్నెల్లు కలుపుతావా?"

"అయితే అసలు పడుకోను" అన్నాడు అన్నయ్య. అంత శాంతంగా అన్నాడంటే, చాలాకాలంగా, ఆయన లెక్కలో ఎన్నో రోజులుగా, అనుకుంటున్న మాటే అయుంటుంది. "ఇక్కడే ఉండిపోతాను. జూన్ దాకా ఎలాగూ ఉంటాను, శ్యామసుందరిగారిని అడిగాను. ఆగస్టు దాకా కూడా ఉండొచ్చు."

అమ్మ లేచి నిలబడింది. బల్ల పట్టుకుని నిలబడింది.

"సిగ్గులేదురా నీకు? బుద్ధుందా? నీకు పెట్టి, నిన్ను మేపి, గేట్లో కళ్ళు కాయలు కాసేలా చూసి, పదిహేనేళ్ళు దాచుకున్నది ఇందుకా? ఇప్పుడు పాతిపెట్టుకోడానికా? మీ నాన్నని పంపించాను. నా చేతులతో కడిగి పంపించాను. నిన్ను కూడా కడగమంటావా? నా వల్ల కాదు. నాకు చేతకాదు. నేను పోయాక నీ ఇష్టం. నడు, కూర్చో, పడుకో, చావు, అడగను. నేను ఉన్నన్నాళ్ళూ మాత్రం నా కొడుకు బతికున్నాడని నేను చెప్పుకోవాలి."

ఎంగిలి కంచాలన్నీ ఎత్తుకుని పెరట్లోకి పోయింది. అన్నయ్య కంచం కూడా తీసేసింది, ఆయన తినడం కాకుండానే. పంపు కింద గిన్నెలు దడదడలాడాయి.

అన్నయ్య నా వైపు తిరిగాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "చూశావా షారూ, తిట్టింది. ఇన్ని పండగలకి ఇవాళ తిట్టింది నన్ను" అని నవ్వాడు. ఆ నవ్వు అలాగే ఏడుపులోకి జారిపోయింది. నేను ఎంగిలి చేత్తోనే ఆయన తల పట్టుకుని కూర్చున్నాను. నాన్నకోసం ఏడవాల్సిందీ, తనకోసం ఏడవాల్సిందీ అన్నీ కలిపి ఏడ్చాడనుకుంటాను. అమ్మకి వినపడకుండా ఏడ్చాడు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేనెవరి పక్షాన మాట్లాడాలి? కన్న కొడుకు శవాన్ని చూడలేనంటున్న తల్లిది తప్పా? ఉన్న నాలుగు నాళ్ళూ మనిషిలా బతుకుతానంటున్న కొడుకుది తప్పా? ఇద్దరిదీ కాకపోతే మరి ఈ బాధ ఎవరిది?

పైగా నాకు వాళ్ళిద్దరికీ తెలియని సంగతి ఒకటి తెలుసు. పోయిన ఏడాది వానాకాలంలో శ్యామసుందరిగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. మందు మీద పని చేసే చోట ఆ పని ఆపేశారట. ఎలుకల్లో పనిచేసింది మనుషుల్లో పనిచేయలేదట. ఇంకొకరు మొదలుపెట్టొచ్చు, పెట్టకపోవచ్చు. "నేను నిద్రపుచ్చగలను షారోనూ, అది ఒక్కటే వచ్చు నాకు. ఎందుకు నిద్రపుచ్చుతున్నానో ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు" అన్నారు. అంత పెద్దావిడ నా ముందు తల దించుకుంటే నేనేం చేయగలను? మంచినీళ్ళు ఇచ్చి బయటికొచ్చాను.

ఇరవై ఎనిమిదో తారీకు పొద్దున్న పెరటి అరుగు మీద అన్నయ్యకి గడ్డం గీస్తున్నాను. రేజరు పట్టుకునే పట్టు లేదు చేతికి. అమ్మ సంతకి వెళ్ళింది. ఇంట్లో ఎవరూ లేరు.

"మందు సంగతి చెప్పు" అన్నాడు, గడ్డం పైకెత్తి.

"ఏముంది, పని జరుగుతోంది. రెండు మూడేళ్ళు అంటున్నారు."

"నీకు చిన్నప్పట్నుంచీ అబద్ధం చెప్పడం రాదే. చెప్పు."

నేను రేజరు నీళ్ళలో ముంచాను. అది శుభ్రంగానే ఉంది, అయినా ఇంకోసారి ముంచాను. "ఆపేశారు. పోయిన ఏడు."

తల తిప్పి గోడ వైపు చూశాడు. దాని మీద కాకి ఒకటి కూర్చుని అరుస్తోంది. "అమ్మకి?"

"చెప్పలేదు. నువ్వు చెప్తావా?"

"పిచ్చా నీకు?" అన్నాడు. తర్వాత మెల్లగా, మాట స్పష్టంగా రావాలని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పాడు. "విను. అమ్మ ఉన్నన్నాళ్ళూ వస్తాను. క్రిస్మస్‌కి లేపు. అరిసెలు తింటాను, అందరితో నవ్వుతాను. అమ్మ పోయాక మాత్రం పండక్కి లేపొద్దు. జూన్ చూసి లేపు. ఇంక పడుకోను. ఆ తర్వాత నన్ను నువ్వే చూసుకోవాలి. ఎత్తాలి, కడగాలి, చివరికి... అన్నీ. చెయ్యగలవా?"

"నాకప్పటికి ఎన్నేళ్ళుంటాయో!"

"అందుకే అడుగుతున్నా."

"అన్నయ్యా, ప్రతి పండక్కీ నీకున్న దాంట్లోంచి ఒక వారం పోతుంది. అమ్మ ఇంకా పదేళ్ళుంటే, పదిహేనేళ్ళుంటే, నీ జూన్ నాటికి నీ దగ్గర ఏముంటుంది? మాట ఉంటుందా? నమలగలవా ఆ పప్పన్నం?"

"లెక్క నాకూ తెలుసే" అన్నాడు. "పోనీలే. అమ్మ ఉండాలి. అమ్మ త్వరగా పోవాలని నేను అనుకోలేను కదా. నువ్వూ అనుకోవద్దు."

అనుకోవద్దన్నాడు కాబట్టే అనుకున్నాను. ఒక్క క్షణం, రేజరు చేతిలో పట్టుకుని, సంతకి వెళ్ళిన మా అమ్మ ఇంటికి తిరిగి రాకపోతే అన్నయ్యకి ఎన్ని నెలలు మిగులుతాయో లెక్క వేసుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. చెయ్యి జారి ఆయన చెంప మీద గాటు పడింది. గేటు చప్పుడైంది. అమ్మ ముసిముసి నవ్వులు నవ్వుతూ సంచి దించింది. సంచిలో కందిపప్పు, ఎక్కడో వెతికి వెతికి పట్టుకొచ్చిన కోల్డ్ స్టోరేజీ మామిడికాయ ఒకటి. డిసెంబరులో మామిడికాయ.

"జూన్ జూన్ అంటాడు. ఇప్పుడే వండి పెడితే సరి" అంది నాతో. "ఏమే, ఆ రక్తం ఏంటి? చూసుకుని గీయలేవూ?"

ఆ మధ్యాహ్నం అన్నయ్య మూడుసార్లు పప్పు వడ్డించుకున్నాడు. కాయ పిప్పిలా ఉంది, పులుపు చచ్చిపోయింది. చాలా బాగుందమ్మా అన్నాడు. అమ్మ తనే గెలిచాననుకుంది.

ముప్పయ్యో తారీకున ల్యాబుకి అమ్మ కూడా వచ్చింది. వద్దంటే వినలేదు. టిఫిను డబ్బాలో కేకు ముక్కలు పెట్టుకొచ్చింది, పడుకునే ముందు తినకూడదని ఎన్నిసార్లు చెప్పినా.

మా ల్యాబులో ఒక నియమం ఉంది. పడుకునే మనిషి తన నోటితో తను ఒప్పుకోవాలి. తల ఊపితే సరిపోదు, ఇంట్లోవాళ్ళు చెబితే అసలు సరిపోదు. శ్యామసుందరిగారు మంచం పక్కన నిలబడి అడిగారు.

"నతానియేలుగారూ, మీ ఇష్టంతోనే పడుకుంటున్నారా?"

అన్నయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. అమ్మ తలుపు దగ్గర డబ్బా గుండెలకి అదుముకుని నిలబడి ఉంది. కాదంటే చాలు. ఒక్క మాట. నేను సిరంజి పక్కన పడేస్తాను, అమ్మ ఎంత ఏడ్చినా సరే ఆయన్ని ఇంటికి తీసుకుపోతాను. అనమని మనసులో వేడుకున్నాను. అనొద్దని కూడా వేడుకున్నాను.

"ఇష్టంతోనే" అన్నాడు. ముద్దగా వచ్చింది.

"స్పష్టంగా చెప్పాలి" అన్నారు డాక్టరుగారు.

"ఇష్టంతోనేనండీ. పడుకుంటాను."

అమ్మ వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. నుదురు ముద్దు పెట్టుకుంది. "రేపు పొద్దున్నే కనపడతాను నాన్నా" అంది. ప్రతిసారీ ఇలాగే అంటుంది, ఆయన లెక్కలో అది నిజమే కాబట్టి.

"పొద్దున్నేనమ్మా" అన్నాడు అన్నయ్య.

మందు నేనే ఎక్కించాను. వేరేవాళ్ళ చేత చేయించమని శ్యామసుందరిగారు ఎన్నోసార్లు అన్నారు గానీ, వేరేవాళ్ళ చేతుల్లో పెట్టడం ఇంకా కష్టం. వేళ్ళు చల్లబడుతూ నా వేళ్ళని ఒకసారి నొక్కాయి. అదైనా కావాలని నొక్కాడో, నరాల తప్పో చెప్పలేను. గుండె చప్పుడు దూరమవుతూ దూరమవుతూ, తెర మీద గీత సాఫైపోయింది. తర్వాత ఎప్పటికో చిన్న మెట్టు ఒకటి లేచింది. బతికే ఉన్నాడు.

జనవరి ఒకటిన పొద్దున్న అమ్మని గుడికి తీసుకెళ్ళాను. కొత్త సంవత్సరం ఆరాధనలో మా గుళ్ళో బుట్ట తిప్పుతారు. అందులో వాక్యాలు రాసిన చిన్న చిన్న కార్డులు ఉంటాయి. చెయ్యి పెట్టి ఎవరికి ఏది వస్తే అది వాళ్ళకి ఆ ఏటి వాగ్దానం. అమ్మ కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. అద్దాలు లేవు, చదవమని నాకిచ్చింది.

నిండు ఆయుష్షు ఇస్తానన్న వాక్యం వచ్చింది.

చదివి వినిపించాను. అమ్మ మొహం దీపం పెట్టినట్టయింది. కార్డు నా చేతిలోంచి లాక్కుని కళ్ళకి అద్దుకుంది. "చూశావుటే! వాడికే. నా చేత్తో తీయించాడు గానీ వాడికే ఇచ్చాడు దేవుడు" అంది. తీసింది నువ్వమ్మా, ఆయుష్షు నీదమ్మా అనలేకపోయాను. అమ్మ నిండుగా బతకాలి. నా కన్నతల్లి, బతకాలి. బతికిన ప్రతి ఏడూ అన్నయ్య దగ్గరున్న కొంచెంలోంచి ఒక వారం కొరుక్కుని తింటుంది, అరిసెలు పెడుతూ, తల నిమురుతూ, ప్రేమతో.

పాస్టరు జయరాజుగారు ప్రార్థన మనవులు ఉంటే చెప్పమన్నారు. ఒక్కొక్కరే లేచారు. అప్పులు తీరాలని ఒకరు, కూతురి కాన్పు సుఖంగా కావాలని ఒకరు. అమ్మ బెంచీ పట్టుకుని లేచింది. "మా అబ్బాయికి మందు రావాలండి. వాడు లేచి తిరిగేదాకా నా ప్రాణం నిలపాలండి" అంది. సంఘమంతా ఆమెన్ అంది. పదిహేనేళ్ళుగా అంటూనే ఉంది పాపం.

"షారోనమ్మా, నీ మనవి?" అన్నారు పాస్టరుగారు.

లేచి నిలబడ్డాను. అమ్మ ఆయుష్షు అడిగితే అన్నయ్యది తరుగుతుంది. అన్నయ్యకి జూన్ అడిగితే అమ్మ పోవాలని అడిగినట్టు. రాని మందు రావాలని అడగడానికి నోరు రాలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి అనకపోతే బాగుండదు.

"మా అన్నయ్య కోరుకున్నది జరగాలండి" అన్నాను.

ఆమెన్ అన్నారు అందరూ. అందరికంటే గట్టిగా అన్నది మా అమ్మే.